జాబ్ సపోర్ట్

"ల్యాప్‌టాప్ ఇటివ్వు జితేందర్. పేషెంట్ల రికార్డులున్న సర్వర్‌లోకి ఎవరో దూరారు. అదీ నీ లాగిన్‌తోనే," అంది సెక్యూరిటీ టీమ్ త్రివేణి, అమెరికాలోని ప్లేనో ఆఫీసులో మీటింగ్ రూమ్ తలుపు మూస్తూ.

జితేందర్ రెండు చేతులూ ల్యాప్‌టాప్‌కి అడ్డం పెట్టాడు.

"హ్యాకర్ కాదు త్రివేణీ, మా ఊరి వీరేశ్. నాకు రాని పని హైదరాబాద్ నుంచే దీంట్లకు లాగిన్ అయ్యి చేసిపెడ్తడు. మేనేజర్‌కి చెప్పకు, నీకు దండం పెడ్త. జాబ్ పోతే వీసా పోతది."

త్రివేణి అతని ఫోన్ ముందుకు జరిపింది. "అయితే ఫోన్ చేసి, ఇప్పుడే సర్వర్‌లోంచి బయటికి రమ్మను."

స్పీకర్‌లో బ్యాండు మేళం హోరెత్తింది.

"అన్నా, చెల్లె పెండ్లిల ఉన్న! పొద్దుగాల్నుంచి సిస్టమే ముట్టలే," అని అరిచాడు వీరేశ్.

ఇద్దరూ స్క్రీన్ వంక చూశారు. ఎవరూ ముట్టుకోకుండానే బాణం గుర్తు మెల్లగా జరిగి, ఇంకో పేషెంటు ఫైలు తెరిచింది.

జితేందర్ అడ్డం పెట్టిన చేతులు తీసేశాడు.

"నెట్ కట్ చెయ్," అన్నాడు. "మేనేజర్‌ని నేనే పిలుస్త."