సీటు జరిగిన చప్పుడు

పాతకారు గేరుబాక్సులోంచి ఆయిల్ కారడానికి చనిపోయిన భార్యే కారణం. అందులో వాదనకు తావు లేదు. బండి పూర్తిగా ఆగకముందే గేరు లాగేది. ఆటోమేటిక్ గేరును అలా లాగితే ఆయిల్ ఆపే సీళ్లేం మిగులుతాయి?

ఆ రాత్రి ఇంటి షెడ్డులో, జాకీ మీద ఎత్తిన కారు కింద వెల్లకిలా పడుకుని ఆయన కొత్త సీలు ఎక్కిస్తున్నాడు. పైన డ్రైవరు సీటు ముందుకు జరిగిన చప్పుడైంది. ఆమె పొట్టిది. ఎక్కగానే అలాగే జరుపుకునేది.

"ఒరేయ్ బామ్మర్దీ, వేళాకోళమా? దిగు!"

"నేనిక్కడ గుమ్మంలో ఉన్నా బావా," బావమరిది నవ్వాడు. "అక్క పోయినా దాన్ని తిట్టడం మానలేదు. ఇక నా వంతా?"

గేరుబాక్సు పక్కనున్న కడ్డీ ఆయన కళ్లముందే ఒక మెట్టు కదిలింది. లోపల ఎవరో గేరు లాగితే తప్ప అది కదలదు. ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు కారు కిందికి దిగింది. చల్లటి ఇనుము ఛాతీకి ఆనింది.

"జాకీ ఎత్తరా!"

బావమరిది పరుగెత్తుకొచ్చాడు. "ఎత్తుతూనే ఉన్నా బావా. లేవట్లేదు." ఇప్పుడు వాడి గొంతులో నవ్వు లేదు.

కడ్డీ మరో మెట్టు కదిలింది. ఊపిరి సగమే అందుతోంది. ఆయన పైన సీటు ఉన్న వైపు చూశాడు.

"తప్పు నీదే," అన్నాడు. "కానీ ఆ మాట ఇంక జన్మలో ఎత్తను."