మంచినీళ్ళు కూడా ముట్టని అతిథులు

“కాస్త మంచినీళ్ళయినా తాగండమ్మా,” మూడోసారి బతిమాలాడు విర్యవాన్.

కానుకల పెట్టె పక్కన కూర్చున్న ఇద్దరూ తమ సీసాలు ఎత్తి చూపించారు. జకార్తా నుంచి వచ్చిన అవినీతి నిరోధక సంస్థ వాళ్ళు. జిల్లా ఆరోగ్యాధికారి విర్యవాన్ ఇంట్లో పెళ్ళంటే ఎవరేం చదివించారో రాసుకోవాలి మరి.

“రాయడం ఎప్పుడు మొదలుపెడతారు?”

“మీ అమ్మాయి చెప్పగానే సార్,” అంది వాళ్ళలో పెద్దావిడ.

వాళ్ళను పిలుద్దామన్నది పెళ్ళికూతురు లారసే. “మనమే పిలిస్తే రేపెవరూ వేలెత్తి చూపరు నాన్నా,” అంది. పెళ్ళి నాలుగు నెలలు ముందుకు జరిపించిందీ తనే. “నీ చేత్తోనే నన్ను అప్పగించాలి,” అని ఒకటే పట్టు. తల్లి లేని పిల్ల. నిరుడు పెద్దాసుపత్రిలో ఆక్సిజన్ అందక ఆవిడ పోయినప్పటి నుంచి ఇల్లూ, తండ్రి ఆఫీసు కాగితాలూ సర్దేది లారసే.

ఆసుపత్రులకు సిలిండర్లు పంపే హందోకో పెద్ద పొట్లంతో వచ్చాడు. విర్యవాన్ అందరికీ వినబడేలా గొంతు పెంచాడు.

“తీసుకెళ్ళవయ్యా! నీ దగ్గర చెంచా కూడా పుచ్చుకోను.”

హందోకో ఆయన చెవి దగ్గరికి వంగి నవ్వాడు. “అబ్బో! సగం నింపిన సిలిండర్లకు నిండుగా సంతకాలు పెట్టిన చెయ్యేనా సార్ ఇది?”

“నోర్ముయ్. పిల్ల వింటుంది.”

లారస్ జడలో మల్లెలు సర్దుకుంటోంది. వినలేదులే అనుకున్నాడు.

ఖాజీ సైగ చేశాడు. విర్యవాన్ పెళ్ళికొడుకు చెయ్యి బిగించి పట్టుకుని, మాట తడబడకుండా కూతుర్ని అప్పగించాడు. కుర్రాడు ఒక్క గుక్కలో ఒప్పుకున్నాడు. “చెల్లింది!” అన్నారు సాక్షులు. పసుపన్నం పళ్ళేలు కదిలాయి.

లారస్ వచ్చి తండ్రి మోకాళ్ళ ముందు కూలబడింది. ఆయన చెయ్యి ముద్దు పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

“పిచ్చితల్లీ, వీధి చివరేగా మీ ఇల్లు! రోజూ వస్తానే.”

“అమ్మ చివర్లో నా చెయ్యి ఇలాగే పట్టుకుంది నాన్నా. ఊపిరాడక.”

“శుభమా అని పెళ్ళి జరుగుతుంటే ఆ మాటలెందుకమ్మా?”

ఆమె చెయ్యి వదల్లేదు. కళ్ళు తుడుచుకుని కానుకల పెట్టె వైపు తిరిగింది.

“నా పెళ్ళయిపోయింది, ఇక నాన్నను తీసుకెళ్ళండి.”