ఒకే అట్టలో ఐదు పుస్తకాలు

"మొదటి పుస్తకం పేరు రాసేసి పక్కన పెట్టండి మేడమ్. లోపల ఇంకేమున్నాయో ఎవరికి కావాలి?" అన్నాడు లైబ్రేరియన్, తలుపు దగ్గరే నిలబడి.

"అట్ట ఒకటే గానీ లోపల ఐదు పుస్తకాలున్నాయి సార్. మిగతా నాలుగింటికీ కేటలాగులో ఎంట్రీ రాయకపోతే అవి ఉన్నా లేనట్టే. వెతికేవాడికి జన్మలో దొరకవు."

"వచ్చే వారమే హాలు ప్రారంభం. పెద్దాయన పుస్తకాలన్నీ అప్పటికి బీరువాల్లో ఉండాలి. మీరిలా పేజీ పేజీ తిరగేస్తూ కూర్చుంటే అయినట్టే!"

"అవుతుంది లెండి. ఇరవై రెండేళ్లుగా చేస్తున్న పనే కదా."

ఆయన గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. కేటలాగర్ కళ్లజోడు సర్దుకుని ఆ లావుపాటి పుస్తకాన్ని దగ్గరికి లాక్కుంది. వెన్ను మీద 'సంఘం నియమావళి' అని మాత్రమే ఉంది.

పెద్దాయన అంటే ఒకప్పటి ప్రెస్సు కార్మికుల నాయకుడు. లైబ్రరీ కొత్త హాలుకి ఆయన పేరే పెడుతున్నారు. ఆయన పుస్తకాల పెట్టెలు తన గదిలోకి వచ్చిన రోజు ఆమె సెలవు పెట్టేద్దామనుకుంది.

ఆ ప్రెస్సులోనే ఆమె తండ్రి అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటర్. ఆమెకు ఆరేళ్లప్పుడు అక్కడ సమ్మె జరిగింది. దాన్ని తెరవెనక నడిపినవాళ్లు పన్నెండు మంది. వాళ్లలో పదకొండు మంది పేర్లు ఎవరో మేనేజరుకి చేరవేశారు. పదకొండు ఉద్యోగాలూ ఊడాయి, సమ్మె చప్పబడిపోయింది. పేరు బయటపడని ఆ ఒక్కడూ ఆమె తండ్రి.

అప్పటినుంచి ఆయన అందరికీ 'పన్నెండోవాడు'. టీ కొట్లో ఆయన వచ్చి కూర్చుంటే బెంచీ ఖాళీ అయిపోయేది. అందరికన్నా ముందు లేచేది పెద్దాయనే. నిన్నటిదాకా తండ్రితో ఒకే సిగరెట్టు పంచుకున్న మనిషి, ఆమె 'పెదనాన్నా' అని మెడకు వేలాడిన మనిషి. తండ్రి ఎవరికీ ఎదురు చెప్పలేదు. తొమ్మిదేళ్ల క్రితం ఆయన పోతే ప్రెస్సు నుంచి ఒక్కరూ రాలేదు. తల్లి మాత్రం, "మీ నాన్న ఏ పాపమూ ఎరగడే. ఎవరేమన్నా నమ్మకు" అని వందసార్లయినా చెప్పి ఉంటుంది.

మొదటిది నియమావళి. రెండోదీ మూడోదీ వార్షిక నివేదికలు. మూడింటికీ ఎంట్రీలు రాసింది. నాలుగోది ముప్పై పేజీల పల్చటి పుస్తకం. 'విచారణ సంఘం నివేదిక' అని ఉంది. సమ్మె అయిన ఎనిమిది నెలలకు అచ్చయింది.

పంతొమ్మిదో పేజీలో తండ్రి పేరు కనిపించింది. 'ఈ ద్రోహంతో ఆయనకు ఎలాంటి సంబంధమూ లేదని విచారణ సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. పేర్లు అందించిన వ్యక్తి వివరాలు అధ్యక్షుల వద్ద ఉన్నవి.' కింద అధ్యక్షుడి సంతకం. పెద్దాయనది.

ఆమె మూడుసార్లు చదివింది. ఎంట్రీ రాయబోతే కలం కదల్లేదు. ఐదోది తెరవకుండానే పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని బయటికి నడిచింది. ఎంట్రీ పూర్తికాని పుస్తకం ఆ గది దాటడం ఆమె సర్వీసులో అదే మొదలు.

పెద్దాయన తన ఇంటి వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు. ఆమె పుస్తకాన్ని పంతొమ్మిదో పేజీ దగ్గర తెరిచి ఒళ్లో పెట్టింది.

"ఇది నీ చేతికెలా వచ్చిందమ్మా?"

"మీరు పంపిందే."

"కోడలు అలమారంతా ఊడ్చి పెట్టెల్లో సర్దేసింది. నేను చూసుకోలేదు."

"చూసుకుంటే తీసేసేవాళ్లన్నమాట!"

"తీసేసేవాణ్ని" అన్నాడాయన. "మిగతా కాపీలన్నీ పంచకముందే కాల్చేశాను. బయట చెప్పమని విచారణ చేసినవాళ్ల చేత ఒట్టు వేయించుకున్నాను. ఈ ఒక్కదానికీ చేతులు రాలేదు. ఎవరూ తెరవని పుస్తకాల మధ్య పెట్టి కలిపి కుట్టించాను."

"మా నాన్న తప్పు లేదని తెలిసే, టీ కొట్లో బెంచీ మీంచి లేచి వెళ్లేవారా?"

"మొదట్లో తెలీదు." ఆయన చూపు పేజీ మీదికి దించాడు. "తర్వాత తెలిసే లేచాను."

ఆమె వరండా స్తంభం పట్టుకుంది. "ఎవర్ని కాపాడటానికి మా నాన్నని బలిచ్చారు? ప్రెస్సులోనే పనిచేసిన మీ బావమరిదినా?"

"వాడిననకు. ఆ పదకొండు మందిలో వాడూ ఉన్నాడు."

"మరెవర్ని?"

"వద్దు తల్లీ. మాటిచ్చాను."

"ఎవరికి?"

"మీ నాన్నకే. ఇది అచ్చయిన రోజు పరిగెత్తుకుంటూ వచ్చాడు. 'ఆ మచ్చ నా మీదే ఉండనీరా, ఆ పేరు మాత్రం బయట పెట్టకు' అని నా చేతులు పట్టుకుని ఏడ్చాడు."

"చాలు! పోయినాయన వచ్చి కాదని చెప్పలేడని కథలల్లుతున్నారా?" ఆమె స్తంభం వదిలి ముందుకొచ్చింది. "మీ హాలు ప్రారంభం రోజు ఈ పేజీ నేనే మైకులో చదువుతాను. చదివాక ఆ పేరు మీ నోటితో మీరే చెప్పాలి."

"అంత పని చేయకమ్మా..."

"చేస్తాను. మా అమ్మని తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెడతాను. నలభై ఏళ్లు ఆవిడ తలెత్తుకుని వీధిలోకి రాలేదు. అందరికన్నా ముందు ఆవిడే వినాలి."

పెద్దాయన పుస్తకం మూసి, రెండు చేతులూ దాని మీద పెట్టాడు.

"ఆ పేర్లు ఇచ్చింది మీ అమ్మే."