ముందు చిత్రిక

మంట తీసేసినా మామిడి చెక్క భగభగా మండుతూనే ఉంది.

"పద్నాలుగోదీ పోయింది!" అంది రాగసుధ.

బాపట్ల కాలేజీ ల్యాబులో ఆ మాట విన్నది తెనాలి టింబర్ డిపో నుంచి చెక్కలు మోసుకొచ్చిన ముసలాయన ఒక్కడే.

మందు పట్టించిన చెక్క మంట తీయగానే తనంతట తాను ఆరిపోవాలి. మార్చిలోగా ఆరకపోతే ప్రాజెక్టు మూసేస్తారు. రాగసుధ పట్టిన పట్టు వదిలే రకం కాదు.

ముసలాయన కాలిన ముక్కను బొటనవేలితో నిమిరాడు.

"మందులో నానేసినాక చిత్రిక పట్టించారా అమ్మా?"

"అవును. నున్నగా లేకపోతే ఫ్రేములో కూర్చోదుగా."

"మందు పైపొరలోనే ఉంటదమ్మా. అదంతా పొట్టులో పోయింది. ముందు చిత్రిక పట్టించి, అప్పుడు నానేయండి."

ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. పీహెచ్‌డీ చేసినదానికి చెప్పొచ్చాడు, తాతకు దగ్గులు నేర్పినట్టు!

"చెక్కలు దించేశావుగా బాబాయ్, ఇక వెళ్ళు."

"ఆరిన రోజు ఓ కబురు పెట్టండమ్మా. రేపల్లెలో యలమంద అంటే ఎవరైనా చెప్తారు."

ఆమె తలూపింది. అదీ వదిలించుకోవడానికే.

తర్వాత మరో ముప్పై ముక్కలు కాల్చింది. మందు పాళ్ళు పెంచింది, చెక్క మార్చింది. ఆ ఒక్క మాట మాత్రం వినలేదు. పంతం మరి!

గడువు వారంలోకి వచ్చాక, గత్యంతరం లేక, ముందు చిత్రిక పట్టించి ఆ తర్వాత నానబెట్టింది.

మంట తీసిన ఏడో సెకనుకు చెక్క ఆరిపోయింది.

రాగసుధకు సంతోషం కంటే సిగ్గే ఎక్కువ కలిగింది. ఆ ముక్క పట్టుకుని రేపల్లె బస్సెక్కింది.

యలమంద ఇంట్లో ఆయన భార్య మంగాయమ్మ ఒక్కతే ఉంది.

"ఆయన పోయారమ్మా. పెద్దకర్మ మొన్ననే అయింది."

రాగసుధ తెచ్చిన చెక్కముక్కను గుమ్మంలోనే పెట్టింది.

"క్షమించండి పిన్నిగారూ. డిపోలో కూలీ అనుకుని ఆయన మాట లెక్కచెయ్యలేదు."

"కూలీ ఏంటమ్మా? ఆయన వడ్రంగి. మా కాలనీ తగలబడ్డప్పుడు ఆయన చేసిన తలుపులే ముందు అంటుకున్నయ్. ఆ రోజు నుంచి ఉలి ముట్టుకుంటే ఒట్టు."

"మరి చెక్కలు..."

"మోసే వంకన మిమ్మల్ని చూడ్డానికొచ్చారు. చెక్కకి మంటనాపే మందు కనిపెట్టించండని నాలుగేళ్ళు కలెక్టరాఫీసు చుట్టూ తిరిగి, మీ ప్రాజెక్టు పెట్టించింది ఆయనేనమ్మా."