గోడ అవతలి పట్టు

బల్ల మీద బంతులు కొట్టే పూల్ ఆట కర్రలు చేయడానికి నాన్న ఆ పాత లేత్ మిషన్‌ను ఏరికోరి కొన్నాడు. దాని నడుమ ఉన్న రంధ్రంలోంచి కర్ర మొత్తం దూరుతుంది. కానీ మా గది ఇరుకు. అందుకని గోడకు కన్నం కొట్టి, కర్ర వెనక కొసను పక్క గదిలోకి పోనిచ్చాడు. అక్కడ కూర్చుని, తిరిగే ఆ కొసను మైనం రాసిన గుడ్డతో పట్టుకోవడం నా పని. వదిలితే కర్ర కొరడాలా కొట్టుకుని విరుగుతుంది. పోయిన నెల అలా విరిగిన ముక్కే నాన్న కనుబొమ చీల్చింది.

ఈ రాత్రి అమ్మమ్మకు మందు వేసి వచ్చేసరికి ఆలస్యమైంది. అప్పటికే మిషన్ తిరుగుతోంది. కర్ర కొంచెం కూడా అదరడం లేదు.

నాన్న పని మీంచి తల ఎత్తకుండానే కన్నంలోకి వినపడేలా అన్నాడు.

"రోజూ తడిసిన కోడిపిల్లలా వణికేదానివి. ఇవాళ ఏం తిన్నావే చిట్టీ, భలే పట్టుకున్నావు."

నేను ఆయన వెనక గుమ్మంలో ఉన్నాను. గుడ్డ నా భుజం మీదే ఉంది.

"నాన్నా, నేను ఇక్కడున్నాను."

ఆయన తిరిగి చూశాడు. నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది.

"మరి అక్కడెవరు?"

"ఎవరూ లేరు. నేనింకా ఆ గది తాళమే తీయలేదు."

కర్ర ఆయన ముఖానికి జానెడు దూరంలో తిరుగుతోంది. గోడ అవతల గుడ్డ రాసుకుంటున్న మెత్తని చప్పుడు వినిపిస్తోంది. నాన్న మెల్లగా స్విచ్ వైపు చేయి చాచాడు.

"ఒక్క నిమిషం," అన్నాడు కన్నం వైపు చూస్తూ, ఎంతో మర్యాదగా. "అప్పుడే వదలకండి."

కర్ర ఇంకా తిరుగుతూనే ఉంది. గోడ అవతల గుడ్డ చప్పుడు ఆగిపోయింది.