మబ్బుల చాటు విమానాలు

“మబ్బుల చాటునుంచి వచ్చాయమ్మా, రెండు శత్రు విమానాలు. మీ నాన్నగారి విమానం తోక పట్టుకుని వచ్చాయి,” అన్నాడు గన్నర్.

చేతిలోని కప్పును సాసరులో అటూ ఇటూ తిప్పాడు. పక్కన కూర్చున్న దుర్భిణి తలెత్తలేదు. యుద్ధంలో వైమానిక స్థావరం మీద ఆకాశాన్ని కాపలా కాసినవాడు అతను; ఆ పేరు అప్పుడు పడిందే. వస్తున్న విమానం మనదో శత్రువుదో అతను చెప్పాలి, గన్నర్ ఫిరంగి పేల్చాలి. ఆ విమానం నడిపిన పైలట్ పోయిన రోజున ఏటా ఇద్దరూ అతని భార్యను చూడటానికి వస్తారు. మోకాళ్లు మొరాయిస్తున్నా మానలేదు.

పైలట్ కూతురు తండ్రిని చూడలేదు. ఆయన విమానం కూలిపోయేనాటికి ఆమె ఇంకా పుట్టలేదు.

“కాస్త చీకటి పడుతోంది. రేడియోలో ఎంత పిలిచినా ఆయన పలకలేదు. చెడిపోయినట్టుంది,” అన్నాడు దుర్భిణి. “రన్‌వే ఎంతో దూరం లేదు. చక్రాలు కూడా దించేశారు పాపం.”

“మరి మీరేం చేశారు మావయ్యా?”

“పేల్చాం తల్లీ. ఫిరంగి గొట్టం ఎర్రబడేదాకా పేల్చాం,” అన్నాడు గన్నర్.

“ఒక్కటీ పడలేదా?”

గన్నర్ నోరు తెరిచాడు.

“తప్పించుకుపోయాయి,” అన్నాడు దుర్భిణి గబగబా.

“కిందటేడు మూడన్నారుగా?”

“ఏమే, పెద్దవాళ్లను నిలదీస్తావా?” తల్లి కసిరింది. గన్నర్ చేతిలో కప్పు తీసి బల్లమీద పెట్టింది. “మీ చేతనైనంత మీరు చేశారు అన్నయ్యా. ఆయనకు అంతే రాసిపెట్టి ఉంది.”

గన్నర్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. దుర్భిణి అతని వీపు నిమిరాడు.

“నీ నోట ఆ మాట వింటే ఇంకో ఏడాది బతుకుతాడు చెల్లెమ్మా.”

ఆమె వాళ్లను గేటుదాకా సాగనంపింది. “వచ్చే ఏడూ రావాలి. ఒంట్లో బాగాలేకపోతే కబురు చేయండి, నేనే వస్తాను.”

వంటింట్లో కప్పులు కడుగుతున్న తల్లి దగ్గరికి కూతురు విసురుగా వచ్చింది.

“ఏడాదికో రకంగా చెప్తారు. నాన్న చావు వాళ్లకి కాలక్షేపం కబురైపోయింది. ఎలా వింటావమ్మా నువ్వు?”

“వినకపోతే గన్నర్ అన్నయ్య ఉండడు. ఒకసారి ప్రాణం తీసుకోబోయాడు కూడా. దుర్భిణి అన్నయ్య తలుపు బద్దలుకొట్టి కాపాడాడు.”

కూతురు బిత్తరపోయింది. “ఎందుకూ? ఆయన తప్పేముంది ఇందులో?”

తల్లి కుళాయి కట్టేసింది. తడి చేతులు తుడుచుకుంది.

“మీ నాన్న శవాన్ని ఇంటికి తెచ్చిన స్థావరం డాక్టరు నాకొక్కదానికే ఓ మాట చెప్పి వెళ్లాడు. అది నాకు తెలుసన్నట్టు వాళ్ల ముందు ఎప్పుడూ బయటపడలేదు.”

“ఏమని చెప్పాడు?”

“ఆ సాయంత్రం శత్రు విమానం ఒక్కటీ రాలేదని.”