తెల్ల చీటీ

"సారూ, సీమోనుకు ఎర్ర చీటీ ఇయ్యున్రి. మా గల్లీ మనిషి," దుర్గయ్య చేతులు జోడించాడు.

"చీటీలు డబ్బాలకెల్లి తీసినం. ఎవరికి ఏది వస్తే అదే. మార్చేది లేదు," అన్నాడు డాక్టర్ ఆనందరావు.

శాలిబండలోని ఆ రెండు గదుల దవాఖానలో ఇరవై మంది దమ్ము రోగుల మీద పరీక్ష మొదలైంది. అరికాలు నొక్కితే ఉబ్బసం తగ్గుతుందో లేదో తేలాలి. ఎర్ర చీటీ వచ్చినవాళ్లకు దుర్గయ్య కాలివేళ్ల కింద, ఊపిరితిత్తులకు సంబంధించిన చోటని తాత తనకు నేర్పిన చోట, నొక్కాలి. తెల్ల చీటీవాళ్లకు ఉత్తుత్తిగా మడమ పిసకాలి. ఎవరిది ఏ చీటీయో రోగులకు తెలియకూడదని కాళ్ల మీద తువ్వాలు కప్పేవారు. గోళీలు మాత్రం ఎవరూ మానొద్దని డాక్టరు రోజూ నెత్తీనోరూ కొట్టుకునేవాడు.

పత్తర్‌గట్టిలో మాలిష్ చేసి బతికే దుర్గయ్యకు తన విద్య మీద కొండంత నమ్మకం. ఉస్మాన్‌గంజ్‌లో మిరప బస్తాలు మోసే సీమోనుకు దుర్గయ్య మీద అంతకు రెండింతలు.

"అన్నా, నీ చేయి పడ్డది. ఇగ నాకేం ఫికర్?" అనేవాడు, ఆయాసపడుతూనే.

దుర్గయ్య తలెత్తకుండా నొక్కుతూ ఉండేవాడు.

నెల తిరగలేదు. బస్తా ఎత్తబోయి సీమోను ఊపిరాడక అక్కడికక్కడే పోయాడు. మట్టి చేసిన మర్నాడు అతని భార్య రాహేలు దవాఖాన గడపలో కూలబడింది. కొంగుముడి విప్పి గోళీల పొట్లాలు నేల మీద పోసింది. ఒక్కటీ విప్పినట్టు లేదు.

"అన్న నొక్కుతుండు, గోళీలెందుకన్నడు మా ఆయన, సారూ!"

డాక్టరు రిజిస్టరు తీశాడు.

"సీమోనుది తెల్ల చీటీ. ఎర్ర చీటీవాళ్లు పదిమందీ మంచిగనే ఉన్నరు. నీ విద్య నిజమే దుర్గయ్యా. ఆ పొద్దు నీ మాట విని చీటీ మారిస్తే, గోళీలు మింగకున్నా బతికేటోడేమో."

"మరి మా ఆయనకు ఎందుకు మార్చలే సారూ?" అడిగింది రాహేలు.

దుర్గయ్య తన రెండు బొటనవేళ్లూ చూసుకున్నాడు. వాటి మీద చెప్పలేనంత అసహ్యం కలిగింది.

"సీమోను మడమ నేను ఒక్కనాడు గూడ ముట్టలే సారూ," అన్నాడు. "మొదటి దినం నుంచి తువ్వాలు కింద అసలు చోటే నొక్కిన."